ఎవరి రుచి తక్కువ?

నూజివీడు ప్రాంతంలో రెండు విషయాల మీద అభిప్రాయం చెప్పని మనిషి కనబడడు. ఒకటి మామిడిపండు, రెండవది సినిమా. పండు విషయంలో మనవాళ్ళు బహు నిక్కచ్చి. చిన్న రసాలు ఈ ఏడు తియ్యగా ఉన్నాయా లేదా అన్నది తిన్నవాడే చెబుతాడు, తిననివాడు ఊరుకుంటాడు. తిన్నవాడు కూడా ఏ తోట కాయ, ఎప్పుడు కోశారు, గడ్డిలో వేసి మాగబెట్టారా, కార్బైడు పెట్టి పండించారా అని విచారించుకున్న తరువాతే పండును తప్పుపడతాడు. సినిమా దగ్గరకు వచ్చేసరికి ఈ జాగ్రత్త అంతా ఏమైపోతుందో తెలియదు. పోస్టరు చూసి ఒకరు, పాట విని ఒకరు, బావమరిది చెప్పగా విని ఇంకొకరు తీర్పులు ఇచ్చేస్తుంటారు. నవలలూ, పిల్లల బొమ్మల కథల పుస్తకాలూ అయితే చెప్పనే అక్కరలేదు. అట్ట మీద పుర్రె బొమ్మ ఉంటే చాలు, లోపల ఏముందో మనకు తెలిసిపోతుంది.

చూడకుండా చెప్పటం మామిడి వ్యాపారంలోనూ ఉంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. పూత మీదే తోటలు కొనే షావుకార్లు ఉన్నారు. పిందె కూడా కట్టకముందే చెట్టు మీది పూత చూసి, ఇంత కాపు దిగుతుందని అంచనా వేసి అడ్వాన్సు ఇస్తారు. అయితే ఆ అంచనా వెనుక ఆయన సొంత డబ్బు ఉంటుంది. తేనెమంచు పురుగు పట్టినా, ఏప్రిల్‌లో గాలిదుమారం లేచి పచ్చికాయ నేల రాలినా దెబ్బ తగిలేది ఆయనకే. అందుకని ఆయన నాలుగుసార్లు తోటంతా తిరిగి చూసి మరీ నోరు విప్పుతాడు. ట్రైలరు చూసి ‘ఈ సినిమా ఆడదు’ అనేవాడు పోగొట్టుకునేదేమీ లేదు. నష్టమంతా వేరేవాళ్ళది.

ఆ మధ్య మా విచారణ యువజన సమావేశంలో డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి లేచి, “ఫాదర్ గారూ, సినిమా బాగుందనో బాగాలేదనో అనటం కూడా పాపపుణ్యాల లెక్కలోకి వస్తుందా? అది నా ఇష్టం కదా!” అన్నాడు. అందరూ నవ్వారు. అడిగినవాడు మాత్రం నవ్వలేదు. ప్రశ్న మంచిదే. పాప సంకీర్తనానికి వచ్చి దయ్యాల సినిమా చూశానని చెప్పుకున్నవాళ్ళు నాకు తెలుసు. చూడని సినిమాను తిట్టానని చెప్పుకున్నవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. రావాలని కూడా నేను అనటం లేదు. కానీ ఆ అబ్బాయి ప్రశ్నకు ‘అవును’ అనో ‘కాదు’ అనో ఒక్క మాటలో చెప్పి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

మనం మాట్లాడుకునే తీరును కొంచెం గమనించండి. ‘నాకు నచ్చలేదు’ అన్నామనుకోండి, అది మన మనసు గురించి మనం ఇచ్చే సాక్ష్యం. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. ‘బాగాలేదు’ అంటే ఇక మాట మన మనసు దాటి ఆ వస్తువు మీదికి వెళ్ళింది. ఎందుకు బాగాలేదో చెప్పవలసిన బాధ్యత మన నెత్తిన పడింది. ‘అట్లాంటివి చూసేవాళ్ళకు బుర్ర ఉండదు’ అన్నామంటే మాట సినిమాను కూడా దాటిపోయి, పక్కన కూర్చున్న మనిషి మీద పడింది. ఈ మూడు మాటలూ ఒక్క గుక్కలో, ఒకే గొంతుతో అనేస్తాం. మొదటిది అంటున్నామనే అనుకుంటూ మూడోది అంటాం. శ్రీసభ సత్యోపదేశం ఎనిమిదవ ఆజ్ఞను వివరించేచోట, తగిన ఆధారం లేకుండా పొరుగువాడిలో తప్పు ఉన్నదని నమ్మటాన్ని కూడా ఆ ఆజ్ఞ కిందికే చేర్చింది. కాబట్టి ఆ అబ్బాయి ప్రశ్న మొదటి మాట దగ్గర నిలవదు గాని మూడో మాట దగ్గర నిలుస్తుంది.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని సామెత. రుచి విషయంలో ఒప్పూ తప్పూ లేవని దాని అర్థమైతే ఇక వాదనే లేదు. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు డేవిడ్ హ్యూము గారి వ్యాసం ఒకటి పాఠంగా ఉండేది. 1757లో అచ్చయింది. ఆయన మన మతానికి మిత్రుడేమీ కాదు, అయినా మంచి మాట ఎక్కడ దొరికినా పుచ్చుకోవాలి కదా. డాన్ క్విహోటె నవలలోని ఒక పిట్టకథను ఆయన చెబుతాడు. పాత ద్రాక్షసారాయి పీపా ఒకటి ఉంది, ఎట్లా ఉందో చెప్పమని ఇద్దరిని పిలిచారు. ఒకాయన నాలుక మీద వేసుకుని, బాగుంది గాని కాస్త తోలు వాసన తగులుతున్నదన్నాడు. రెండో ఆయన బాగుంది గాని ఇనుము రుచి ఉన్నదన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇద్దరినీ చూసి పగలబడి నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక చూస్తే, అడుగున తోలు తాడు కట్టిన తాళంచెవి ఉంది.

ఈ కథలో చాలామంది ఆ ఇద్దరి నాలుకనే మెచ్చుకుంటారు. నాకు వాళ్ళు మాట్లాడిన పద్ధతి ఇంకా నచ్చుతుంది. ఇద్దరూ తాగి చెప్పారు. ఇద్దరూ ముందు బాగుందని ఒప్పుకుని, తరువాత తమకు తగిలిందేదో అంతవరకే చెప్పారు. పీపా చేసినవాణ్ణి గాని, ఆ సారాయి ఇష్టపడి తాగేవాళ్ళను గాని ఒక్క మాట అనలేదు. నవ్వినవాళ్ళలో రుచి చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడని ఆ కథలో లేదు.

సరే, రుచి చూసి చెప్పేవాడికి కూడా ఇంకొకటి తెలిసి ఉండాలి. రసాన్ని ఎవరూ కత్తితో కోయరు. మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు చేసి జుర్రుకుంటారు. బంగినపల్లి అయితే ముక్కలు కోసి పెడతారు. ఊరికి కొత్తగా వచ్చిన చుట్టం ఒకాయన చిన్నరసాన్ని పళ్ళెంలో పెట్టి కోసి, “ఇదేమిటండీ, అంతా పీచే” అంటే తప్పు పండుదా, కత్తిదా? కథల్లో కూడా రసాలూ, బంగినపల్లులూ ఉన్నాయి. జానపద సినిమా ఒక జాతి, అపరాధ పరిశోధన నవల ఒక జాతి, దయ్యం కథ ఇంకో జాతి. భయపెట్టటానికి పుట్టిన కథను పట్టుకుని ‘ఇది నిజ జీవితంలో జరుగుతుందా’ అని అడిగితే అది కత్తితో రసాన్ని కోసినట్టే. అది భయపెట్టిందా, భయపెట్టి వదిలేసిందా, ఆ భయంలోంచి మనకు ఏమైనా చూపించిందా అని అడగాలి. బాహుబలి రెండో భాగం (2017) చూసి వచ్చి, తాటిచెట్లను వంచి వాటి మీదనుంచి సైనికులు కోటలోకి ఎగరటం ఎట్లా సాధ్యమని రాత్రి పదింటిదాకా నాతో వాదించిన లెక్కల మేష్టారు ఒకాయన ఉన్నారు. ఆ సినిమాను ఆయన మూడుసార్లు చూశారట!

ఇక్కడ మన ఊరివాడి సంగతి ఒకటి చెప్పాలి. ఎస్.వి. రంగారావు గారు 1918లో నూజివీడులో పుట్టారు. ఆయన పేరు చెప్పగానే ఇవాళ్టికీ ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది ఎవరు? పాతాళభైరవి (1951)లో నేపాళ మాంత్రికుడు, మాయాబజార్ (1957)లో ఘటోత్కచుడు. ఒకడు మాంత్రికుడు, ఒకడు రాక్షసుడు. ‘పిల్లల కథలు, మంత్రాలు తంత్రాలు’ అని పెద్దవాళ్ళు కొట్టిపారేసే జాతి సినిమాలే అవి రెండూ. పాతాళభైరవిలో కథానాయకుడు రాకుమారుడు కాదు, తోటరాముడు. తోటమాలి కొడుకు రాకుమారిని పెళ్ళాడటానికి పాతాళం దాకా పోయి వచ్చే కథ, తోటల్లో పనిచేసే జనానికి ఎందుకు అంతగా నచ్చిందో కనిపెట్టటానికి తత్త్వశాస్త్రం చదవనక్కరలేదు. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆ సినిమాను ప్రదర్శించారు. నర్తనశాల (1963)లో కీచకుడిగా వేసినందుకు రంగారావు గారికి జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. పొరుగు దేశంవాళ్ళకు ఆనిన పస మన పక్కింటి పండితులకు ఆనటానికి చాలాకాలం పట్టింది.

చందమామ సంగతి కూడా అంతే. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక మన ఇళ్ళల్లో మూడు తరాలకు చదువు నేర్పింది. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు వాటి కింద అచ్చయ్యేది కాదు. ఎవరు రాశారో తెలియకుండానే, ఏ బిరుదులు చూడకుండానే, పిల్లలు వచ్చే నెల కోసం కాచుకు కూర్చున్నారు. ఒక రచయితకు ఇంతకంటే నిష్కపటమైన అభిప్రాయం దొరుకుతుందని నేను అనుకోను. అదే ఇళ్ళల్లో, అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలో, మధుబాబు గారి షాడో నవలో లెక్కల పుస్తకం మధ్య దొరికితే వీపు చిట్లిపోయేది. అపరాధ పరిశోధన నవలను అంత నీచంగా చూసే కతోలిక తల్లిదండ్రులకు ఒక సంగతి గుర్తుచేస్తాను. ఆ జాతి కథల్లో ప్రపంచమంతా ఎరిగిన పరిశోధకుల్లో ఒకరు మన విచారణ గురువే, ఫాదర్ బ్రౌన్. ఆయనను సృష్టించిన చెస్టర్టన్ గారు 1922లో కతోలిక సభలో చేరారు. అంతకు చాలా ముందే, 1901లో అచ్చయిన పుస్తకంలో, కుర్రవాళ్ళు చదివే చవక సాహస కథల పక్షాన ఆయన ఒక వ్యాసం రాశారు. ఆ కథల్లో ధైర్యం ధైర్యంగానే ఉంటుంది, ద్రోహం ద్రోహంగానే ఉంటుంది, చదువుకున్నవాళ్ళ నవలల్లోనే ఆ రెండూ కలగాపులగం అవుతున్నాయని ఆయన వాదన. అంతా ఒప్పుకోనక్కరలేదు. కానీ ఆయన వాటిని చదివి మాట్లాడారు.

అయితే కథలన్నీ నిరపాయమని నేను అనటం లేదు. గురువుగా అట్లా అంటే నా పని నేను చేయనట్టే. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు వారం వారం రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టింది. చిన్నపిల్ల మీద చేతబడి ప్రయోగం దాని కథ. ‘క్షుద్ర సాహిత్యం’ అన్న మాట అప్పుడు బాగా ప్రచారంలోకి వచ్చింది. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో అమాయకులను చెట్లకు కట్టేసి కొట్టిన ఊళ్ళు, పళ్ళు ఊడగొట్టిన ఊళ్ళు, చంపిన ఊళ్ళు తెలుగు నేల మీద ఉన్నాయి. అట్లాంటి చోట మంత్రగాడి కథ రాసేవాణ్ణి, దీన్ని నమ్మమంటున్నావా, భయపడి ఊరుకోమంటున్నావా అని అడగటం న్యాయమే. రంగనాయకమ్మ గారు ఆ నవలను ఎండగడుతూ ఒక పుస్తకమే రాశారు. ఆమెకు దేవుడి మీద నమ్మకం లేదు, నా బ్రతుకంతా ఆ నమ్మకం మీదే. అయినా ఒక సంగతిలో ఆమె పద్ధతి నాకు నచ్చుతుంది. మెత్తగా మాట్లాడలేదు, కానీ చదివి మాట్లాడింది. కఠినంగా చెప్పటం వేరు, తేలికగా కొట్టిపారేయటం వేరు. మొదటిదానికి కష్టపడాలి.

మరి మామూలుగా మనం కొట్టిపారేసేటప్పుడు మన మనసులో ఏముంటుంది? నాకు అర్థమైనంతవరకు, చాలాసార్లు ఆ సినిమా ఉండదు, ఆ సినిమా చూసే మనుషులు ఉంటారు. ‘నేల టికెట్టు సినిమా’, ‘రిక్షావాళ్ళ సినిమా’, ‘పనిమనుషులు చదివే నవల’, ఈ మాటల్లో సినిమా ఎట్లా ఉందో ఒక్క ముక్కైనా ఉందా? ఎవరు చూస్తారో మాత్రమే ఉంది. ఇక ‘బి, సి సెంటర్లు’ అనే వ్యాపారం మాటలో మన ఊళ్ళన్నీ ఒక్క అక్షరం కింద అణిగిపోయాయి.

మే నెల మరియమాత మాసం. మామిడి సీజను కూడా అప్పుడే. సాయంత్రం పని దిగాక ఒక్కొక్క రోజు ఒక్కొక్క షెడ్డు దగ్గర జపమాల చెప్పుకోవటం మా విచారణలో అలవాటు. ఒకరోజు నేను కాస్త ముందుగా వెళ్ళాను. ఆడవాళ్ళు కాయలు ఏరుతూ, మచ్చకాయ ఒక పక్కకు, మంచికాయ ఒక పక్కకు వేస్తూ ఉన్నారు. వాళ్ళలో అరవై దాటిన ఒక తల్లి విఠలాచార్య గారి పాత సినిమా ఒకటి కథగా చెబుతోంది. చదువు రాదు. కానీ ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆమెకు తెలిసినట్టు నా ప్రసంగాల్లో నాకు తెలియదు. అందరి చేతులూ ఆడుతున్నాయి, చెవులు మాత్రం ఆమె దగ్గరే ఉన్నాయి. అంతలో ఆమెను ఇంటికి తీసుకువెళ్ళటానికి ఇంజనీరింగు చదివే మనవడు బండి మీద వచ్చాడు. రెండు నిమిషాలు విని, “ఆపు అమ్మమ్మా, అవన్నీ బుర్రలేనోళ్ళు చూసే సినిమాలు” అన్నాడు, నవ్వుతూనే. చెడ్డ పిల్లవాడు కాదు. గుడిలో గిటారు వాయిస్తాడు. అతనికి అమెరికా సినిమాలు ఇష్టం, అంగీ మీద అంగీ వేసుకుని ఆకాశంలో ఎగిరే వీరుల సినిమాలు. దారాలు కట్టిన అస్థిపంజరానికీ, కంప్యూటరులో గీసిన రాక్షసుడికీ మధ్య ఉన్నది ఖర్చు తేడా అని నేను అనుకుంటాను. ఆ సంగతి అలా ఉంచండి. ఆమె కథ ఆపేసింది. నడుమ ఆపేసింది. తరువాత ఏమైందని పక్కావిడ అడిగినా, “ఏముందిలే, ఉత్తిదే” అంది.

జపమాల అయ్యాక నేనే అడిగాను, ఆ దయ్యం ఏమైందని. ఆమె సిగ్గుపడుతూ చెప్పింది. చెప్పి, “మన తోబీతు కథలో కూడా ఇట్టాగే గదా ఫాదర్ గారూ? ఆ పిల్లను చేసుకున్నోణ్ణల్లా దయ్యం చంపుద్ది. ఏడుగురు పోతారు. చేప గుండెకాయ పొగేస్తే గాని పోదు” అంది.

తోబీతు గ్రంథం తెరిచి చూడండి. పెళ్ళిరాత్రే ఏడుగురు పెండ్లికుమారులను చంపిన పిశాచం, మనిషి వేషంలో తోడు వచ్చిన దేవదూత, నదిలోంచి పైకి ఉరికిన చేప, దాని పిత్తంతో చూపు వచ్చిన ముసలి తండ్రి, వెంట నడిచే కుక్క, అన్నీ ఉన్నాయి. ప్రొటెస్టంటు సహోదరుల బైబులులో ఈ గ్రంథం లేదు, మన దాంట్లో ఉంది. పవిత్ర గ్రంథాన్ని సినిమాతో సమానం చేస్తున్నానని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. దేవుడు తన సంగతి మనకు చెప్పటానికి ఎంచుకున్న పద్ధతుల్లో జానపద కథ పద్ధతి కూడా ఒకటని మాత్రమే అంటున్నాను. ఉపదేశి గారి నోట ఎప్పుడో విన్న తోబీతు కథనూ, టూరింగు టాకీసులో చూసిన దయ్యం కథనూ పక్కపక్కన పెట్టి, ఆపదలో ఉన్న ఆడపిల్లను ఎవరు విడిపిస్తారని ఆలోచించుకున్న మనిషి ఆమె. బుర్రలేని మనిషి చేసే పని కాదది. ఆ మనవడు విననిది అదీ.

సువిశేషంలో ఇట్లాంటి తేలిక మాట ఒకటి ఉంది, యోహాను మొదటి అధ్యాయంలో. నజరేతు నుంచి మంచిదేదైనా వస్తుందా అని నతనయేలు అడుగుతాడు. ఆయనది కానా ఊరు. కానా, నజరేతు రెండూ గలిలయలోవే, ఒకదానికొకటి పెద్ద దూరమేమీ కాదు. పక్క ఊరివాణ్ణి చూస్తే మనకుండే చులకన మీకు తెలియనిది కాదు. ఆ మాట అనేటప్పటికి నతనయేలు ప్రభువును చూడలేదు. ఊరు పేరు విని మనిషికి వెల కట్టాడు. ఫిలిప్పు వాదన పెట్టుకోలేదు, వచ్చి చూడమన్నాడు. అంతే. ఆశ్చర్యమేమిటంటే ప్రభువు నతనయేలును గద్దించలేదు, కపటం లేనివాడని మెచ్చుకున్నాడు. తన ఊరిని అంత మాట అన్నవాణ్ణి! దీని మీద నేను చాలాకాలం ఆలోచించాను. నాకు తోచినది ఇది: అతను అనుకున్నది దాచుకోకుండా అన్నాడు, కానీ అన్న తరువాత అంజూరపు చెట్టు నీడలో మళ్ళీ చతికిలబడలేదు. లేచి నడిచాడు. చూశాక తన మాట మార్చుకోవటానికి సిగ్గుపడలేదు. తేలిక మాట అనటం వల్ల అతను చెడిపోలేదు. ఆ మాట దగ్గరే ఉండిపోయి ఉంటే మాత్రం ప్రభువును చూసి ఉండేవాడు కాదు.

మన శ్రీసభ కూడా ఈ దారిలో నడిచి వచ్చిందే. నిషిద్ధ గ్రంథాల పట్టిక 1559 నుండి 1966 వరకు ఉండేది. విక్టర్ హ్యూగో గారి ‘లె మిజరబ్ల్’, అదే మనం బీదల పాట్లు అంటామే, ఆ నవల 1864 నుండి 1959 దాకా ఆ పట్టికలో ఉంది. వెండి సామాను దొంగిలించినవాడికి దీపస్తంభాలు కూడా ఇచ్చి పంపిన మేత్రాణుల వారి కథ అందులోదే. ఆ కథ ఇప్పుడు ప్రసంగాల్లో చెప్పని గురువు అరుదు. సినిమా పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా 1995లో వాటికన్ వారు 45 సినిమాలను ముఖ్యమైనవిగా ఎంచి ప్రకటించారు. అందులో క్రీస్తు జీవిత చరిత్రలే ఉంటాయనుకుంటాం. ఉన్నాయి. వాటి పక్కనే 1922 నాటి ‘నోస్ఫెరాటు’ అనే రక్తపిశాచి సినిమా, 1968 నాటి అంతరిక్ష యాత్ర సినిమా కూడా ఉన్నాయి. రక్తపిశాచి సినిమాను ఎవరో కూర్చుని చూసి ఉండాలి కదా!

2025లో ప్రభువు సన్నిధికి వెళ్ళిన ఫ్రాన్సిస్ పోపు గారు అంతకు ముందు ఏడు, 2024లో, సాహిత్య పఠనం గురించి ఒక లేఖ రాశారు. అందులో తన సొంత అనుభవం చెప్పుకున్నారు. 1964, 1965 సంవత్సరాల్లో అర్జెంటీనాలోని సాంతా ఫే పట్టణంలో యేసుసభ వారి బడిలో ఆయన సాహిత్యం బోధించారు. పాఠంగా ఉన్న పాత వీరగాథ పిల్లలకు ఎక్కలేదు, వాళ్ళకు ఆ కాలపు కవి లోర్కా కావాలట. ఆయన ఏం చేశారంటే, పాత గ్రంథాన్ని ఇంటి దగ్గర చదువుకోమని చెప్పి, తరగతిలో వాళ్ళకు నచ్చినవాటి గురించే మాట్లాడారు. పిల్లల రుచిని ఎగతాళి చేయలేదు. అలాగని పాత గ్రంథాన్ని వదిలిపెట్టనూ లేదు.

వినోదం అంటేనే కాలం వృథా అనుకునే పెద్దలకు పునీత తోమాస్ అక్వీనాసు వారు చెప్పిన కథ ఒకటి ఉంది. అపొస్తలుడైన యోహాను గారు శిష్యులతో ఆటలాడుతుంటే కొందరు చూసి తప్పుపట్టారట. వాళ్ళలో ఒకడి చేతిలో విల్లు ఉంది. బాణం వెయ్యమన్నారు యోహాను గారు. మళ్ళీ వెయ్యమన్నారు, మళ్ళీ వెయ్యమన్నారు. ఇట్లా ఎంతసేపు వేయగలవంటే, ఆపకుండా వేస్తే విల్లు విరుగుతుందన్నాడు అతను. మనసూ అంతేనన్నారు ఆయన. పగలంతా ఎండలో కాయ దింపినవాడు రాత్రికి దయ్యం సినిమా పెట్టుకుంటే ఆ విల్లు సంగతి గుర్తు చేసుకోవాలి.

ఇప్పుడు సినిమా హాలు బయటికి రాగానే మైకు పట్టుకుని అభిప్రాయం అడిగేవాళ్ళు ఎదురవుతున్నారు. మొదటి మూడు రోజులు ఎవరూ విమర్శ చెప్పకూడదని ఆదేశించమని తమిళ నిర్మాతలు 2024లో మద్రాసు హైకోర్టుకు వెళితే, ఆ ఏడు చివర కోర్టు ఒప్పుకోలేదు, అభిప్రాయం చెప్పటం జనం హక్కు అన్నది. న్యాయస్థానం చెప్పింది సబబే. కోర్టు నోరు మూయించలేదు, మూయించకూడదు. కానీ ఇంట్లో మన పిల్లవాడు చదువుతున్న బొమ్మల పుస్తకాన్ని ‘చెత్త’ అని లాగి అవతల పారేసే ముందు పది పేజీలు తిప్పి చూడమని ఏ కోర్టూ మనకు చెప్పదు. చూశాక కూడా అది చెత్తే అనిపిస్తే, ఎందుకో పిల్లవాడికి చెప్పండి. మనుషులను హింసించటంలో ఆనందం చూపిస్తున్నదనో, ఆడపిల్లను బొమ్మగా చేస్తున్నదనో, మంత్రగాళ్ళను నమ్మమంటున్నదనో పేజీ చూపించి చెప్పండి. వాడు వింటాడు. వినకపోయినా, మీరు చదివారన్న సంగతి వాడికి గుర్తుంటుంది. పిల్లలకు కూడా ఒక మాట. మీ తల్లిదండ్రుల జానపద సినిమా, మీ నాయనమ్మ టీవీ సీరియలు కూడా అట్లాగే. ఒక్క ఆదివారం ఆమె పక్కన కూర్చుని, కథ ఎవరిదో, ఏడుపు ఎందుకో అడిగి చూడండి.

2025 జూబిలీ సంవత్సరంలో మా విచారణ హాలుకు సున్నం వేయించాలని పెద్దలు నిర్ణయించారు. హాలులో ఒక చెక్క బీరువా ఉంది. అందులో జపమాల పుస్తకాల వెనుక, కుట్టించిన చందమామలు, అట్టలు ఊడిన డిటెక్టివు నవలలు ఒక నలభై దాకా బయటపడ్డాయి. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. గుడి ఆవరణలో ఇవేమిటని, పాత కాగితాలవాడికి వేసేయమని నలుగురు పెద్దలు గట్టిగా అన్నారు. అలాగే వేద్దాం, అయితే వేసేయమన్న ప్రతివారూ ముందు ఒక్కొక్కటి ఇంటికి తీసుకువెళ్ళి చదివి తీసుకురండి, అప్పుడు నిర్ణయిద్దాం అన్నాను. నలుగురూ తలా ఒకటి తీసుకువెళ్ళారు. ఒకరు వారానికే తెచ్చి, ఇది నిజంగానే పనికిరాదు ఫాదర్ గారూ అని కారణాలు కూడా చెప్పారు. చదివి చూస్తే ఆయన చెప్పింది నిజమే, దాన్ని తీసేశాం. మిగిలిన మూడూ ఇంకా తిరిగి రాలేదు.